మిద్దెకెక్కిన ఉల్లి

శ్రావణం వచ్చిందంటే వంటింటి బుట్టలో ఉల్లిగడ్డలు వాటంతటవే మొలకలేస్తాయి. పారేయడానికి మనసొప్పక కుండీలో గుచ్చుతాం. ఆకు బాగానే వస్తుంది, గడ్డ మాత్రం రాదు. ఎందుకు రాదు? ఏ గడ్డ నాటితే వస్తుంది? నాటేముందు రెండు వారాలు ట్రేలో మొలకెత్తిస్తే కలిసొచ్చేదేమిటి? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ మిద్దెతోటల కోసం ఈ వారం ముఖచిత్ర కథనం.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మలక్‌పేట మూడో స్టేషన్. అక్కడి మహబూబ్ మాన్షన్ మార్కెట్ హైదరాబాద్ హోల్‌సేల్ ఉల్లికి పెద్ద అడ్డా. మహారాష్ట్ర, కర్ణాటక లారీలు, కర్నూలు బస్తాలు, పాలమూరు సరుకు అక్కడికి చేరతాయి. కొత్తపేట కర్రీ పాయింట్లకూ, చైతన్యపురి హాస్టళ్ల మెస్సులకూ, గల్లీల్లో తిరిగే ఆటో ట్రాలీలకూ ఉల్లి అందేది ఈ దారిలోనే. ఇంత దగ్గర్లో ఇంత సరుకు ఉండగా మిద్దె మీద ఉల్లి పెంచడం దేనికి?

డబ్బు మిగులుతుందని మాత్రం కాదు. 2019 డిసెంబరులో కిలో వంద రూపాయలు దాటి, కేంద్రం ఈజిప్టు, తుర్కియేల నుంచి ఉల్లి తెప్పించినప్పుడు చాలామంది కుండీల వైపు చూశారు. 2025లో కర్నూలులో ధర కుప్పకూలి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చినప్పుడు ఆ చూపు మళ్లిపోయింది. ధర ఎటు పోయినా ఒక ఇంటికి ఏడాదికి సరిపడా పెద్దుల్లిని నాలుగు గ్రో బ్యాగులు ఇవ్వలేవు. ఇవ్వగలిగినవి వేరే ఉన్నాయి. కోసిన పది నిమిషాల్లో పప్పులో పడే ఉల్లికాడలు, సాంబారులోకీ పులుసులోకీ గుప్పెడు చిన్నుల్లి, కార్తీకం నాటికి ఓ బుట్టెడు కొత్త గడ్డలు. ఈ మూడూ సాధ్యమే. అయితే మూడింటికీ నాటాల్సిన గడ్డ ఒకటి కాదు. పొరపాటు మొదలయ్యేది అక్కడే.

పెద్ద గడ్డ ఎందుకు పనికిరాదు?

ఉల్లి రెండేళ్ల మొక్క. మొదటి ఏడు విత్తనం నుంచి మొలిచి ఆకులు వేస్తుంది. ఆ ఆకుల అడుగుభాగంలో ఆహారం దాచుకుని గడ్డ కడుతుంది. రెండో ఏడు అదే గడ్డ మొలిచి, దాచుకున్నదంతా ఖర్చుపెట్టి పూకాడ లేపుతుంది, విత్తనం ఇచ్చి పని ముగిస్తుంది. గడ్డ అంటే మొక్క రేపటి పూత కోసం వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్.

మనం బజారు నుంచి తెచ్చే గుప్పెడంత ఉల్లిగడ్డ మొదటి ఏటి పని ముగించేసింది. దాన్ని నాటితే అది రెండో ఏటి పనిలోకి దిగుతుంది. లోపల ఒకటికి మించి మొగ్గలుంటాయి కాబట్టి రెండు మూడు పిలకలుగా చీలుతుంది. చలి తగిలితే పువ్వేస్తుంది. ఉల్లి విత్తనం పండించే రైతులకు కావలసింది సరిగ్గా ఇదే. వాళ్లు అక్టోబరు, నవంబరుల్లో ఏరి ఏరి మంచి పెద్ద గడ్డలు నాటుతారు. శీతాకాలంలో పూకాడలు లేస్తాయి, ఎండలు ముదిరే నాటికి నల్లటి విత్తనం చేతికొస్తుంది.

కాబట్టి మొలకెత్తిన పెద్ద గడ్డను నాటడం వృథా ఏమీ కాదు. కాడల కోసం నాటండి. రెండు మూడు కోతలు ఆకు తీసుకోండి. పూకాడ లేస్తే లేతగా ఉండగానే తుంచి వేపుడులో వేసుకోండి. గడ్డ మాత్రం దాని దగ్గర ఆశించకండి.

గోలీకాయంత చాలు

గడ్డ నుంచి గడ్డ రావాలంటే గోలీకాయంత గడ్డ కావాలి. వ్యవసాయ శాస్త్రవేత్తలు వీటిని సెట్లు అంటారు. మొదటి ఏటనే, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన పిల్ల గడ్డలివి. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉంటే సరి. ఇంత చిన్న గడ్డ మామూలు చలిని అంతగా పట్టించుకోదు. అందుకే మళ్లీ నాటితే పువ్వు వైపు పోకుండా, ఆగిన చోటు నుంచి ఎదుగుదల అందుకుని పెద్ద గడ్డ కడుతుంది. అంతకన్నా లావు గడ్డ నాటినకొద్దీ పూకాడల బెడద పెరుగుతుంది.

ఉత్తరాదిన ఖరీఫ్ ఉల్లికి ఈ పద్ధతి బాగా వాడుకలో ఉంది. రాజస్థాన్‌లోని అల్వర్ రైతులు శీతాకాలంలో విత్తనం ఒత్తుగా చల్లి, వేసవి మొదట్లో చిన్న గడ్డలు తవ్వి దాచి, వానాకాలంలో నాటుతారు. ముసురులో లేత నారును కాపాడుకోవడం కన్నా, ఆహారం దాచుకున్న గడ్డను నిలబెట్టడం సులువు. మన తెలుగు రాష్ట్రాల్లో రైతులు ఎక్కువగా నారు పోసి నాటుతారు, లేదంటే విత్తనం నేరుగా ఎదజల్లుతారు. అందుకే ఇక్కడి విత్తన దుకాణాల్లో సెట్లు అడిగితే దొరకవు. ఇంట్లో తయారుచేసుకోవడమే దారి.

అదేమంత కష్టమూ కాదు. జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో ఒక వెడల్పాటి తొట్టిలో ఖరీఫ్ రకం విత్తనం ఒత్తుగా చల్లాలి. మొక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరగాలి. చోటు చాలకపోవడం వల్లే గడ్డ గోలీకాయ దగ్గర ఆగుతుంది. ఏప్రిల్‌లో ఆకు వాలుతుండగా నీళ్లు ఆపేయండి. చివరివారంలో గడ్డలు పీకి, ఎండిన ఆకుతో సహా చిన్న చిన్న కట్టలు కట్టి, గాలి ఆడే నీడలో వేలాడదీయండి.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చలి తగిలిన గడ్డ పూతకు సిద్ధమవుతుంది. ఐరోపాలో సెట్లు అమ్మే కంపెనీలు పూకాడ రాకుండా కొన్ని రకాలను వారాల తరబడి వేడి గదుల్లో ఉంచి మరీ అమ్ముతాయి. మన మే నెలలో మామూలు గదిలో ఉన్న వేడే ఆ పని చేసిపెడుతుంది. దానికి కరెంటు బిల్లు కూడా ఉండదు.

ఇక్కడో హెచ్చరిక. మార్కెట్లో పెద్ద గడ్డలు ఏరేశాక మిగిలే చిన్న సైజును నాసిక్ వ్యాపారులు గోల్టీ అంటారు. అది చవకగా దొరుకుతుంది, చూడ్డానికి సెట్‌లాగే ఉంటుంది. కానీ గోల్టీ చాలావరకు పొలంలో పూర్తిగా ముదిరిన గడ్డే, సెట్ కన్నా లావు కూడా. కాడల కోసమైతే తెచ్చుకోండి, గడ్డల కోసం వద్దు.

చిన్నుల్లి దారి వేరు

సాంబారు ఉల్లి అని మనం కొనే చిన్నుల్లికి ఈ తంటా లేదు. పెద్దుల్లీ ఇదీ ఒకే జాతి. కాకపోతే దీనిది చీలి గుంపుకట్టే గుణం. ఒక గడ్డ నాటితే చుట్టూ పిలకలు వేసి నాలుగైదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ గడ్డల కుదురవుతుంది. విత్తనం అక్కర్లేదు, గడ్డే విత్తనం. పంట కాలం కూడా తక్కువ. రకాన్ని బట్టి 65 నుంచి 90 రోజుల్లో చేతికొస్తుంది. ఒక్కో కుదురు 50 గ్రాములు తూగినా 20 కుదుళ్లకు కిలో. మిద్దెతోటకు ఇంతకన్నా అనువైన ఉల్లి లేదు.

మన మార్కెట్లకు వచ్చే చిన్నుల్లికి పుట్టిల్లు తమిళనాడు. దిండిగల్, పెరంబలూరు ప్రాంతాలు దానికి పెట్టింది పేరు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘కో’ వరుసలో చిన్నుల్లి రకాలెన్నో విడుదల చేసింది. మనవైపు పేరున్న కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి కూడా సైజులో చిన్నదే, కానీ అది చిన్నుల్లి కాదు. గులాబీ రంగు మామూలు ఉల్లి, విత్తనం నుంచి పెంచేది. సింగపూర్, మలేషియాలకు ఎగుమతయ్యే సరుకది. దాన్ని నాటి గుంపు గడ్డల కోసం చూస్తే నిరాశే.

చిన్నుల్లి కొనేటప్పుడు మెరిసే కొత్త గడ్డలకు ఆశపడొద్దు. తవ్విన గడ్డ ఒకటిన్నర, రెండు నెలలు నిద్రలో ఉంటుంది. ఆ నిద్రలో నాటితే తడికి కుళ్లుతుందే తప్ప మొలవదు. నిద్ర తీరిందో లేదో తెలుసుకోవడానికి ఒక గడ్డను నిలువునా కోసి చూడండి. లోపల లేత పసుపుపచ్చ మొలక సగం ఎత్తు దాటి ఉంటే మిగతావి నాటడానికి సిద్ధం. లేకపోతే ఇంకొన్నాళ్లు గాలి ఆడే బుట్టలో ఆగనివ్వండి.

రెండు వారాల ట్రే

గడ్డను నేరుగా కుండీలో పెడితే సరిపోదా? సరిపోతుంది, అన్నీ మొలిస్తే. సమస్య అక్కడే. బయటికి బాగున్న గడ్డల్లోనూ కొన్ని మొలవవు, కొన్ని కుళ్లుతాయి. పొలంలో పది శాతం ఖాళీలు రైతుకు పెద్దగా కనిపించవు. పన్నెండంగుళాల బ్యాగులో తొమ్మిది గడ్డలు పెట్టి మూడు పోతే మూడో వంతు చోటు పోయినట్టే. ట్రేలో ముందుగా మొలకెత్తిస్తే వేరు పట్టినవే బ్యాగు ఎక్కుతాయి.

రెండో కారణం వాన. జులై, ఆగస్టుల్లో పెద్ద బ్యాగు మట్టి ముసురుకు నాని రోజుల తరబడి ఆరదు. వేరు లేని గడ్డకు ఆ తడే ముప్పు. ట్రేను సన్‌షేడ్ కిందికి జరుపుకోవచ్చు. మూడో కారణం పావురాలు. ఎండిన ఉల్లి కొస మట్టిలోంచి పైకి కనిపిస్తే పుల్ల అనుకుని లాగి పడేస్తాయి. వేళ్లు దిగి మట్టిని పట్టుకున్న మొక్కను లాగడం అంత సులువు కాదు. బ్రిటన్‌లో తోటమాలులు ఫిబ్రవరిలో చలికీ, తడిసిన బరువు నేలకూ, పక్షులకూ భయపడి సెట్లను ఇలాగే ట్రేల్లో మొదలుపెడతారు. వాళ్ల చలి స్థానంలో మన ముసురు పెట్టుకోండి, లెక్క అదే.

పని ఎలా చేయాలంటే...

ట్రే: నర్సరీల్లో దొరికే ప్రో ట్రే ఉంటే మంచిది. లేకపోతే కర్రీ పాయింట్ ప్లాస్టిక్ డబ్బాలు కడిగి అడుగున నాలుగైదు బెజ్జాలు పెట్టండి. లోతు రెండంగుళాలు చాలు.

మట్టి: సగం కొబ్బరి పొట్టు, పావు వర్మీకంపోస్టు, పావు ఎర్రమట్టి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు నీళ్లలో కడిగి పిండి వాడండి.

గడ్డల ఎంపిక: వేళ్లతో నొక్కితే గట్టిగా ఉండాలి. మెడ మెత్తగా ఉన్నవీ, పొర కింద నల్ల బూజు కనిపించేవీ పక్కన పెట్టండి. వదులుగా ఊడే పొట్టు తీసేయండి. మెడ దగ్గర ఎండిన తోక ఉంటే కత్తెరతో కత్తిరించండి, కండకు తగలకూడదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టొద్దు. కుళ్లు భయముంటే ట్రైకోడెర్మా పొడిని పొట్లం మీద రాసిన మోతాదులో నీళ్లలో కలిపి, గడ్డలను కాసేపు ముంచి ఆరబెట్టండి.

పెట్టడం: వేర్ల గుర్తు కిందికి, మెడ పైకి. గడ్డ పూర్తిగా కప్పబడిపోకూడదు, మెడ కొస మట్టి మట్టానికి కాస్త పైన కనిపించాలి. వేలితో ముందు గుంట చేసి అందులో కూర్చోబెట్టండి. గడ్డతోనే మట్టిలోకి నొక్కితే అడుగు భాగం ఒరుసుకుపోయి వేళ్లకు దెబ్బ తగులుతుంది.

నీళ్లు: మొదటి రోజు ఒకసారి బాగా తడపండి. తర్వాత పైమట్టి ఆరినప్పుడే చిలకరించండి. నీడలో కాదు, వెలుతురు బాగా ఉండే చోట పెట్టండి.

నాలుగైదు రోజులకు వేళ్లు, వారం పది రోజులకు పచ్చటి మొలకలు వస్తాయి. మొలక మూడంగుళాలై, మొక్కను కదిపితే మట్టి వేళ్లతో పాటు ముద్దగా లేస్తే నాటడానికి అదను వచ్చినట్టు. ఇది సాధారణంగా రెండు వారాలు, కొన్నిటికి మూడు. మూడు వారాలు దాటినా కదలని గడ్డను తీసేయండి. నెల దాటి ట్రేలో ఉంచడమూ మంచిది కాదు. వేళ్లు చుట్టుకుపోయి, బ్యాగులోకి వెళ్లాక కూడా మొక్క కొన్నాళ్లు తేరుకోదు.

ఈ రెండు వారాల పొదుపు చివరికి గడ్డ సైజులో తేలుతుంది. ఉల్లిగడ్డలో ఒక్కో పొర ఒక్కో ఆకు అడుగుభాగం. గడ్డ ఊరడం మొదలయ్యేలోపు మొక్క ఎన్ని ఆకులు వేస్తే అన్ని పొరలు.

బ్యాగులోకి వెళ్లాక

ఉల్లి వేళ్లు లోతుకు పోవు. ఎనిమిదంగుళాల లోతున్న బ్యాగు చాలు. సెట్లకు మొక్కకూ మొక్కకూ పది సెంటీమీటర్ల ఎడం, అంటే అడుగు వెడల్పు చదరపు బ్యాగులో తొమ్మిది. చిన్నుల్లి గుంపుకట్టాలి కాబట్టి అదే బ్యాగులో నాలుగే. రోజంతా ఎండ తగిలే చోటు చూడండి. పక్క అపార్ట్‌మెంట్ నీడ పడే మూలలో కాడలొస్తాయి కానీ గడ్డ ఊరదు.

ఎల్బీ నగర్ చుట్టుపక్కల దొరికే ఎర్ర చెల్క మట్టి నీరు నిలవనివ్వదు, ఉల్లికి అది మంచిదే. మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. నాటిన నెలన్నర తర్వాత నత్రజని ఎరువుల జోలికి పోవద్దు. ఆకు ఏపుగా పెరిగి, మెడ లావై, గడ్డ ఆలస్యమవుతుంది. అలాంటి గడ్డ నిలవ కూడా ఉండదు.

నీళ్ల విషయంలో ఈ ప్రాంతం వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. ఉప్పును అంతగా ఓర్చుకోలేని కూరగాయల్లో ఉల్లి ఒకటి. బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉంటే ఆకు కొసలు ఎండుతాయి, గడ్డ చిన్నదవుతుంది. నల్లా నీళ్లు గానీ, పట్టిన వాన నీళ్లు గానీ వాడండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీటిలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి. వాటిని మొక్కలకు మళ్లించడం పొదుపు అనుకుంటారు, ఉల్లికి అది కీడు.

పురుగుల్లో ముఖ్యమైనవి తామర పురుగులు. ఆకుల మొదట్లో నక్కి రసం పీలుస్తాయి, ఆకు మీద వెండి రంగు చారలు పడతాయి. నీలిరంగు జిగురు అట్టలు, వారానికోసారి వేపనూనె చాలావరకు అదుపు చేస్తాయి. వానల్లో ఆకు మీద ఊదా రంగు మచ్చలు కనిపిస్తే ఆ ఆకులు తుంచి దూరంగా పారేయండి, సాయంత్రం పూట ఆకు తడపడం ఆపండి. నిరుడు ఉల్లి, వెల్లుల్లి పెట్టిన బ్యాగులో ఈ ఏడు మళ్లీ పెట్టొద్దు.

సగం మొక్కల ఆకులు మెడ దగ్గర వాలిపోతే గడ్డ ముదిరినట్టు. అప్పటి నుంచి పది రోజులు నీళ్లు మాని, పీకి, ఆకుతో సహా నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టండి. చిన్నుల్లి కుదుళ్లలో గట్టిగా, ఒక్క తీరుగా ఉన్నవి వచ్చే పంటకు దాచుకోండి.

పొద్దు లెక్క తప్పితే

గడ్డ ఎప్పుడు ఊరాలో ఉల్లికి చెప్పేది పగటి నిడివి. హైదరాబాద్‌లో అతి పొడవైన పగలు 13 గంటలు దాటి కొద్ది నిమిషాలు, అతి చిన్న పగలు 11 గంటలు. మన రకాలు ఈ చిన్న పగళ్లకే గడ్డ కడతాయి. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు. అక్కడి రకాలకు 14, 15 గంటల పొద్దు తగిలితేనే గడ్డ ఊరుతుంది. ఆన్‌లైన్‌లో అందమైన బొమ్మ చూసి విదేశీ ఉల్లి విత్తనం తెప్పించుకున్నవారి కుండీల్లో ఎన్నాళ్లకూ కాడలే కనిపించడానికి కారణం ఇదే.

అమెరికాలో పెరటి తోటలు పెంచే తెలుగువాళ్లకూ ఈ లెక్క అవసరమే. టెక్సస్‌లో చిన్న పగటి రకాలే పండుతాయి. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం రూపొందించిన ప్రసిద్ధ తియ్యుల్లి రకం పేరే 1015. అక్టోబరు 15న విత్తమని దాని అర్థం. న్యూజెర్సీలో పెద్ద పగటి రకాలు కావాలి. మన రకం విత్తనం అక్కడ వసంతంలో చల్లితే, ఆకులు సరిగ్గా రాకముందే పొద్దు పెరిగి బుడ్డ గడ్డలతో ఆగిపోతుంది.

కాలానికి తగ్గ రకం ఎంచుకోవడమూ అంతే ముఖ్యం. వానాకాలానికి అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, భీమా సూపర్, ఎన్-53, అర్కా కల్యాణ్. యాసంగికి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి, భీమా కిరణ్, అర్కా నికేతన్. భీమా రకాలు పుణె దగ్గర రాజగురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన కేంద్రానివి, అర్కా రకాలు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవి. విత్తనం ఎవరి దగ్గర కొన్నా పొట్లం మీద తేదీ చూడండి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే మొలక శక్తి బాగా పడిపోతుంది.

మిద్దె క్యాలెండర్

జనవరి చివర: సెట్ల కోసం ఖరీఫ్ రకం విత్తనం ఒత్తుగా చల్లాలి.
ఏప్రిల్ చివర: గోలీకాయ గడ్డలు పీకి వేలాడదీయాలి.
జులై చివర: సెట్లు ట్రేలోకి. ఆగస్టు మధ్యలో బ్యాగుల్లోకి. నవంబరులో గడ్డలు.
సెప్టెంబరు చివర, అక్టోబరు: యాసంగి ఉల్లి నారు పోయడం. నారు ఆరేడు వారాలకు నాటుకు వస్తుంది, మార్చి, ఏప్రిల్‌లో గడ్డలు.
అక్టోబరు మొదట: చిన్నుల్లి ట్రేలోకి. వానలు వెనకపట్టాక బ్యాగుల్లోకి. సంక్రాంతి నాటికి పంట.
ఏ నెలైనా: మొలకెత్తిన పెద్ద గడ్డలు కాడల కోసం.

నగరానికి ఇదే తూర్పు దిక్కున, నారపల్లిలో తన ఇంటి మిద్దెను తోటగా మార్చిన కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ‘మిద్దెతోట’ ఆలోచనను ఎన్నో ఇళ్లకు చేర్చారు. టమాటా, వంకాయ, ఆకుకూరలు ఇప్పుడు చాలా మిద్దెల మీద కనిపిస్తున్నాయి. ఉల్లి మాత్రం పెద్దగా కనిపించదు. ఒకసారి బజారు గడ్డ గుచ్చి, గడ్డ రాక, ఉల్లి మనకు పండదని వదిలేసినవారే ఎక్కువ. పండనిది ఉల్లి కాదు, ఆ గడ్డ.

పెద్దుల్లి మలక్‌పేట సరుకే కొనుక్కోండి, మిద్దె మీద దానితో పోటీ పడొద్దు. కాడలు, చిన్నుల్లి ఇంట్లో పండించుకోండి. మొదటిసారి అయితే సెట్ల జోలికి పోకుండా, ఈ అక్టోబరులో పావుకిలో పాత చిన్నుల్లి తెచ్చి ట్రేలో పెట్టండి. మొలిచినవి బ్యాగులోకి, మొలవకుండా గట్టిగా ఉన్నవి సాంబారులోకి. అది కుదిరాక, జనవరిలో సెట్ల విత్తనం చల్లుదురు గాని.